మంచి రాజు ఉంటే తిరగబడే పనేముంది?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. హిస్టరీ పేపర్‌లో "రాచరికానికి వ్యతిరేకంగా వచ్చిన విప్లవాల వెనక ఉన్న రాజకీయ భావాలు" అనే ప్రశ్న తప్పకుండా వస్తుందంటున్నారు. గైడులో లాక్, మాంటెస్క్యూ, వోల్టేర్, రూసో అని నాలుగు పేర్లు, ఒక్కొక్కరి కింద నాలుగు లైన్లు ఉన్నాయి. బట్టీ పట్టేశాను. ఇంట్లో పైకి చదువుతుంటే మా తాతయ్య విని, "కడుపు కాలితే జనం తిరగబడతరు గానీ పుస్తకాలు చదివి ఎవడన్న తిరగబడతడా? అయినా రాజు మంచోడైతే తిరగబడే పనేముంది?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. పరీక్ష దగ్గరికొచ్చింది, టెన్షన్‌గా ఉంది. విప్లవాలు వచ్చింది ఆకలి వల్లా, భావాల వల్లా?
— ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: అమ్మా, మీ తాతయ్య అడిగినవి రెండు ప్రశ్నలు. మొదటిదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. రెండోది అంతకంటే లోతైనది. రాజుల మీద వచ్చిన విప్లవాలన్నిటికీ అడుగున ఉన్న భావం ఏమిటో ఆ ప్రశ్నకు జవాబు వెతికితేనే దొరుకుతుంది. చాలా ఏళ్లు ఈ పాఠం చెప్పాను, క్లాసులో ఒక్కరు కూడా "రాజు మంచోడైతే?" అని అడగలేదు. అందుకే నీ ఉత్తరం చూడగానే వేరే పనులు పక్కన పెట్టి రాయడానికి కూర్చున్నాను. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆకలి సంగతి. ఆకలి లేకపోతే ఫ్రెంచి విప్లవం అలా వచ్చి ఉండేది కాదు, తాతయ్య చెప్పింది నిజమే. 1788 జూలైలో వడగళ్ల వాన పడి చేతికొచ్చిన పంట పోయింది, తర్వాత వచ్చిన చలికాలం భయంకరమైనది, 1789 జూలై నాటికి పారిస్‌లో కూలివాడి సంపాదనలో చాలా భాగం రొట్టెకే సరిపోయేది. కానీ అదే ఫ్రాన్స్‌లో 1693-94లో కరువొచ్చి పది లక్షల మందికి పైగా చనిపోయారు. 1709 చలికాలంలో నదులు గడ్డకట్టి, విత్తనాలు నేలలోనే చచ్చి, మళ్లీ లక్షల మంది పోయారు. అప్పుడు రాజు పద్నాలుగో లూయీ. యుద్ధాల మీద యుద్ధాలు చేసి దేశాన్ని అప్పుల పాలు చేసిన మనిషి. అయినా ఆయన సింహాసనం కదల్లేదు. 1775లో పిండి ధర పెరిగితే పారిస్ చుట్టుపక్కల వందల చోట్ల గొడవలు జరిగాయి. ఆ గొడవల్లో చాలాచోట్ల జనం వ్యాపారి బస్తాలు విప్పించి, ఇదీ న్యాయమైన ధర అని తాము అనుకున్న డబ్బు అతని చేతిలో పెట్టి పిండి పట్టుకెళ్లారు. రాజును దించాలన్న మాట అక్కడ వినపడలేదు.

ఆకలి మనిషిని బజారుకు తెస్తుంది. బజారుకొచ్చిన మనిషి "ధర తగ్గించండి దొరా" అంటాడా, "ఈ దేశం ఎవరిది?" అని అడుగుతాడా అనేది అతని బుర్రలో అప్పటికే ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. 1775కీ 1789కీ మధ్య పద్నాలుగేళ్లలో మారింది అదే.

ఇక రెండో ప్రశ్న. మనకు ఇది కొత్త కాదు. "నా విష్ణుః పృథివీపతిః" అన్నారు మన పెద్దలు, రాజులో విష్ణువు అంశ ఉందని. యూరప్‌లోనూ అదే మాట వేరే రూపంలో ఉండేది. ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ 1610లో పార్లమెంటుకే చెప్పాడు, రాజులను దేవుళ్లు అని పిలవడం సరైనదేనని. ఫిల్మర్ అనే ఆయన ఇంకొంచెం ముందుకెళ్లి, దేవుడు ఆదాముకు తండ్రిగా అధికారం ఇచ్చాడు, అదే వారసత్వంగా రాజులకు వచ్చింది, కాబట్టి రాజు మీద తిరగబడటం కన్నతండ్రి మీద చెయ్యెత్తడమే అని పుస్తకం రాశాడు. ఈ లోకంలో పుట్టి పెరిగిన మనిషికి కష్టం వస్తే ఏమనుకుంటాడు? తండ్రి మంచివాడే, ఆయనకు సంగతి తెలియదు, మధ్యలో ఉన్న మంత్రులూ ఉద్యోగులూ తినేస్తున్నారు, ఒక్కసారి ఆయన దాకా వెళ్లి చెప్పుకుంటే చాలు అనుకుంటాడు.

ఈ నమ్మకం ఎంత గట్టిదో చూడు. 1381లో ఇంగ్లండ్ రైతులు పన్నుల మీద తిరగబడి లండన్‌లోకి వచ్చారు, మంత్రుల తలలు నరికారు. వాళ్ల సంకేత పదం ఏమిటో తెలుసా? "రాజు రిచర్డుతో, నిజమైన ప్రజలతో." వాళ్ల నాయకుడు వాట్ టైలర్‌ను రాజు కళ్ల ముందే చంపేశాక కూడా, పద్నాలుగేళ్ల ఆ రాజు గుర్రమెక్కి ముందుకొచ్చి "ఇక నేనే మీ నాయకుణ్ని, నా వెంట రండి" అంటే వెంట నడిచారు. తర్వాత ఇచ్చిన మాటలన్నీ వెనక్కి తీసుకున్నారు, చాలామందిని ఉరి తీశారు. ఐదు వందల ఏళ్లు గడిచినా ఇదే కథ. 1905 జనవరిలో రష్యా కార్మికులు పిల్లాపాపలతో, దేవుడి పటాలూ జార్ చక్రవర్తి పటాలూ పట్టుకుని, ప్రార్థనా గీతాలు పాడుకుంటూ పీటర్స్‌బర్గ్ రాజభవనానికి అర్జీ ఇవ్వడానికి వెళ్లారు. జార్ అక్కడ లేడు. సైనికులు కాల్చారు. ఎన్నో ఏళ్లుగా విప్లవకారులు కరపత్రాలు పంచి చేయలేని పని ఆ ఒక్క ఆదివారం చేసింది. పటం పట్టుకుని వెళ్లినవాడికి తండ్రి ఇచ్చిన జవాబు అది.

మన హైదరాబాద్ సంస్థానంలోనూ 1938లో స్టేట్ కాంగ్రెస్ పెట్టాలనుకున్నవాళ్లు నిజాంను దిగిపొమ్మనలేదు. నిజాం ఛత్రఛాయలోనే ప్రజలకు బాధ్యత వహించే ప్రభుత్వం కావాలన్నారు, అంతే. సంస్థ పుట్టకముందే నిషేధం వచ్చింది.

కాబట్టి నా దృష్టిలో అసలైన రాజకీయ భావం "ఈ రాజు చెడ్డవాడు" అనేది కాదు. ఆ మాట ఎప్పుడూ ఉంది, దాంతో రాజులు మారారు గానీ రాచరికం పోలేదు. "ఈయన మంచివాడైనా సరే, ఈ అధికారం ఆయనది కాదు, మాది" అనే మాట ఎప్పుడు పుట్టిందో అప్పుడు అసలు మార్పు మొదలైంది. మనిషి మీది ఫిర్యాదు కుర్చీ మీది ప్రశ్నగా మారడం. నీ జవాబుకు ఇదే వెన్నెముకగా పెట్టుకో.

ఆ మార్పు కళ్లారా చూడాలంటే 1649 జనవరిలో లండన్ వెస్ట్‌మినిస్టర్ హాలుకు వెళ్లాలి. బోనులో ఉన్నది మొదటి చార్లెస్, ఆ జేమ్స్ కొడుకే. పదకొండేళ్లు పార్లమెంటును పిలవకుండా పన్నులు వసూలు చేశాడు, తర్వాత పార్లమెంటు మీదే యుద్ధం చేశాడు, ఓడిపోయాడు. ఆయన మీద మోపిన నేరం రాజద్రోహం. ఒక్క క్షణం ఆగి ఆ మాట మళ్లీ చదువు. రాజద్రోహం అంటే రాజుకు చేసిన ద్రోహం కదా, రాజే ఆ నేరం ఎలా చేస్తాడు? పాత చట్టంలో దీనికి దారి లేదు. అందుకే విచారణకు ముందు పార్లమెంటులోని కామన్స్ సభ ఒక తీర్మానం చేసింది, దేవుడి కింద న్యాయమైన అధికారానికంతటికీ మూలం ప్రజలే అని. అలా అయితేనే ద్రోహం జరిగింది ప్రజలకు అని చెప్పొచ్చు.

నేర పత్రం చదవబోతున్న న్యాయవాది భుజాన్ని చార్లెస్ చేతికర్రతో తట్టాడు, ఆగమని. ఆ తట్టడంలో కర్రకున్న వెండి పిడి ఊడి కింద పడింది. జీవితమంతా ఆయన చేతిలోంచి ఏది జారినా ఎవరో ఒకరు వంగి తీసి ఇచ్చేవాళ్లు. ఆ రోజు ఎవరూ కదల్లేదు. చూసి చూసి రాజే వంగి తీసుకున్నాడు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయేవాళ్లు, నాకూ ప్రతిసారీ ఒళ్లు జలదరించేది. సార్వభౌమాధికారం చేతులు మారడం అని మనం పెద్ద మాటల్లో రాస్తాం గానీ, చూడటానికి అది ఇలాగే ఉంటుంది.

చార్లెస్ పిరికివాడు కాదు, తెలివితక్కువవాడూ కాదు. "ఏ అధికారంతో నన్ను ఇక్కడికి తెచ్చారు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు, చివరిదాకా నేరం మీద జవాబు చెప్పనేలేదు. ప్రజల పేరు మీద అన్నారు వాళ్లు. నిజానికి అప్పటికి సైన్యం పార్లమెంటులో తనకు నచ్చని సభ్యులను తలుపు దగ్గరే ఆపేసింది, మిగిలింది కొద్దిమందే, కాబట్టి ఆయన ప్రశ్నలో బలం ఉంది. జనవరి 30న చలికి వణికితే భయపడ్డాడని జనం అనుకుంటారని రెండు చొక్కాలు వేసుకుని వధ్యవేదిక ఎక్కాడు. అక్కడ చెప్పిన ఆఖరి మాటల్లో ప్రజల స్వేచ్ఛ తనకూ ఇష్టమేనని, కానీ స్వేచ్ఛ అంటే చట్టాల రక్షణే తప్ప ప్రభుత్వంలో వాటా కాదని, రాజు వేరు, పౌరుడు పూర్తిగా వేరు అని స్పష్టంగా చెప్పాడు. ఆయన ప్రాణం ఇచ్చింది ఆ భావం కోసం. ఎదుటివాళ్లు ప్రాణం తీసింది దానికి విరుద్ధమైన భావం కోసం. మీ తాతయ్యకు ఇది చెప్పు, ఆ రోజు అక్కడ గొడవ రొట్టె గురించి కాదని.

ఇక గైడులో ఉన్న పేర్ల దగ్గరికొద్దాం. ముందు గైడులో లేని ఒకాయన, హాబ్స్. 1651లో ఆయన పుస్తకం "లెవియాథన్" వచ్చింది, దాని ముఖచిత్రం దొరికితే చూడు. కొండల వెనక నుంచి ఒక మహాకాయుడైన రాజు లేచి నిలబడి ఉంటాడు, చేతిలో కత్తి. దగ్గరగా చూస్తే ఆ రాజు ఒంటి మీద ఉన్నది కవచం కాదు, వందల మంది చిన్న చిన్న మనుషులు, అందరూ ఆయన ముఖం వైపు తిరిగి ఉంటారు. హాబ్స్ నిరంకుశ అధికారాన్నే సమర్థించాడు, కానీ ఆ అధికారం దేవుడి నుంచి రాలేదు, మనుషులు ఒకరినొకరు చంపుకోకుండా బతకడానికి తమలో తాము చేసుకున్న ఒప్పందం నుంచి వచ్చింది అన్నాడు. రాజు పక్షం మాట్లాడుతూనే రాజు కాళ్ల కింది నేల మార్చేశాడు. సామాజిక ఒప్పందం అన్న మాట బట్టీ పడితే గుర్తుండదు, ఈ బొమ్మ చూస్తే మరిచిపోవు.

లాక్ ఏమన్నాడో మన భాషలో చెప్తాను. గుడికి ధర్మకర్త ఉంటాడు కదా. దేవుడి మాన్యం ఆయన చేతిలోనే ఉంటుంది, కౌలుకిస్తాడు, లెక్కలు రాస్తాడు, ఉత్సవం చేయిస్తాడు, ఊళ్లో గౌరవం ఉంటుంది. కానీ భూమి ఆయనది కాదు. తన పేరు మీద రాయించుకోబోతే ఊరు ఊరుకోదు, దించేసి ఇంకొకరిని పెడుతుంది. లాక్ దృష్టిలో రాజు అంటే అదే. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి అనే హక్కులు మనిషికి పుట్టుకతో వచ్చాయి, రాజు ఇచ్చినవి కావు, వాటిని కాపాడమని అప్పగించిన పనే ప్రభుత్వం, నమ్మకం చెడితే అధికారం మళ్లీ అప్పగించినవాళ్లకే చేరుతుంది. ఇది రాసిన పుస్తకం 1689 చివర్లో ఆయన పేరు లేకుండానే అచ్చయింది, అది తనదేనని బతికుండగా పైకి ఒప్పుకోలేదు, వీలునామాలోనే ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో ఈ మాటలు ఎంత ప్రమాదమో అర్థం చేసుకో. చార్లెస్ పోయిన కొన్నేళ్లకు తిరిగొచ్చిన రాచరికానికి హద్దులు పెడుతూ అదే 1689లో పార్లమెంటు హక్కుల చట్టం చేసింది, పార్లమెంటు ఒప్పుకోకుండా రాజు పన్ను వేయకూడదు, చట్టాన్ని ఆపకూడదు, శాంతికాలంలో సైన్యాన్ని ఉంచకూడదు అని.

గైడులో ఒక విషయం తప్పుగా అర్థమయ్యేలా ఉంటుంది, జాగ్రత్త. ఆ నలుగురూ రాజులను దించేయమన్నారని పిల్లలు రాస్తుంటారు. కాదు. 1688లో రెండో జేమ్స్‌ను దించి ఆయన చోట తెచ్చిన కొత్త రాజు విలియం రాకను లాక్ సమర్థించాడు. మాంటెస్క్యూ స్వయంగా బ్యారన్, హద్దుల్లో ఉన్న రాచరికం ఆయనకు ఇష్టమే, 1748లో ఆయన చెప్పింది చట్టం చేసేవాడు, అమలు చేసేవాడు, తీర్పు చెప్పేవాడు ఒక్కరే అయితే స్వేచ్ఛ ఉండదని. వోల్టేర్ పోరాటం ఎక్కువగా చర్చి పెత్తనం మీద, మత ద్వేషం మీద. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ దగ్గర కొన్నేళ్లు ఉండి వచ్చినవాడు, చదువుకున్న మంచి రాజు దొరికితే చాలనుకున్న మనిషి. అంటే మీ తాతయ్య మాట వోల్టేర్ మాట దాదాపు ఒకటే! రూసో ఒక్కడే 1762లో సార్వభౌమాధికారం ప్రజలది, దాన్ని ఎవరికీ రాసివ్వడానికి వీల్లేదు అని తెగేసి చెప్పాడు. ఆ పుస్తకాన్ని ఆయన సొంత ఊరు జెనీవాలోనే తగలబెట్టారు.

వంశపారంపర్యం అనే దాన్ని సూటిగా కొట్టింది మాత్రం ఈ పెద్దలెవరూ కాదు, థామస్ పెయిన్. ఒకప్పుడు ఆడవాళ్ల కార్సెట్లు కుట్టే పని చేసుకున్నవాడు, ఇంగ్లండ్‌లో ఏ పనిలోనూ కుదురుకోక 1774 చివర్లో అమెరికా చేరాడు. 1776 జనవరిలో ఒక చిన్న కరపత్రం వేశాడు. లాటిన్ లేదు, పెద్ద పదాలు లేవు, బైబిల్ తెలిసిన ఏ రైతుకైనా అర్థమయ్యే భాష. చదువు రానివాళ్లకు చదివి వినిపించారు. అప్పటిదాకా అమెరికా జనం కూడా పార్లమెంటునే తిట్టేవాళ్లు, మూడో జార్జి రాజుకు అర్జీలు పెట్టేవాళ్లు, మళ్లీ అదే "తండ్రికి తెలియదు" కథ. పెయిన్ ఆ కథను తుంచేశాడు. ఒక మనిషి గొప్పవాడే అనుకుందాం, వాడి మనవడి మనవడు కూడా గొప్పవాడవుతాడని ఎవరు హామీ ఇచ్చారు అని అడిగాడు. తర్వాత ఇంకో పుస్తకంలో, వంశపారంపర్య పాలకుడు అనడం వంశపారంపర్య గణిత పండితుడు అన్నట్టే ఉంటుంది అన్నాడు. చూశావా, "రాజు మంచోడైతే" అన్నదానికి ఇది మొదటి జవాబు. మంచి రాజు దొరికినా, ఆ తర్వాత వచ్చేవాణ్ని మనం ఎంచుకోలేం. ఆరు నెలల్లో, జూలై 4న, ప్రభుత్వాలకు న్యాయమైన అధికారం వచ్చేది పాలించబడేవాళ్ల సమ్మతి నుంచే అని అమెరికా ప్రకటించింది.

ఇప్పుడు ఫ్రాన్స్. ఇక్కడ నువ్వు గమనించాల్సింది, పదహారో లూయీ దుర్మార్గుడు కాదు. తాళాలు చేసుకోవడం, వేట అంటే ఇష్టపడే మొహమాటపు మనిషి. నేరం ఒప్పించడానికి చిత్రహింసలు పెట్టడాన్ని 1780లో రద్దు చేశాడు, 1787లో ప్రొటెస్టెంట్లకు పౌర హక్కులు ఇచ్చాడు. పద్నాలుగో లూయీతో పోలిస్తే చాలా మంచివాడు. అయినా తల పోయింది ఈయనదే.

ఖజానా ఖాళీ అయి, వచ్చిన ఆదాయంలో సగం అప్పుల వడ్డీకే పోతుంటే 1614 తర్వాత ఎప్పుడూ పిలవని ఎస్టేట్స్ జనరల్‌ను, అంటే మూడు వర్గాల ప్రతినిధుల సభను, పిలిచాడు. దానికి ముందు ప్రతి ఊరూ తన కష్టాలు రాసి పంపమన్నాడు. 1789 వసంతంలో వేల ఊళ్లలో జనం చర్చిలో కూర్చుని, రాయడం వచ్చినవాడి చుట్టూ చేరి, ఉప్పు పన్ను గురించి, ప్రభువు పావురాలు పంట తినేస్తే కొట్టడానికి కూడా వీల్లేని దాని గురించి, ప్రభువు వేట గురించి రాయించారు. చాలా పత్రాల్లో రాజు మీద ప్రేమే ఉంది. కానీ కష్టాన్ని మాటల్లో పెట్టడం, పక్క ఊరి కష్టమూ ఇదేనని తెలియడం, ఎవరో అడిగితే జవాబు చెప్పే స్థానంలోకి రావడం, ఇదంతా మనిషిని మార్చేస్తుంది. పుస్తకం చదవని రైతు దగ్గరికి భావం ఎలా వెళ్లింది అంటే ఇలా వెళ్లింది. మీ తాతయ్య మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆకలి, భావం రెండు వేరే గదుల్లో లేవు. ఆ కాగితం మీద కలిశాయి.

మూడు వర్గాల సభలో వర్గానికి ఒక్క ఓటు. మతాధికారులు, ప్రభువులు కలిస్తే ఎప్పుడూ రెండుకు ఒకటి. నూటికి తొంభై ఏడు మందికి పైగా ఉన్న మూడో వర్గం ఎప్పుడూ ఓడిపోవాల్సిందే. సియేస్ అనే పాదిరీ ఆ జనవరిలోనే మూడు ప్రశ్నలు వేసి ఉన్నాడు. మూడో వర్గం అంటే ఏమిటి? సర్వం. ఇప్పటిదాకా రాజకీయంగా ఏమిటి? శూన్యం. ఏం కోరుతోంది? ఏదో ఒకటి కావాలని. జూన్ 17న మూడో వర్గం తననే జాతీయ సభ అని పిలుచుకుంది. ఆగస్టు 26న మానవ హక్కుల ప్రకటన వచ్చింది, దాని మూడో అధికరణ సార్వభౌమాధికారానికి మూలం జాతిలోనే ఉంది అంటుంది. అక్టోబర్‌లో రాజు బిరుదు మార్చారు. అప్పటిదాకా "దైవకృప వల్ల ఫ్రాన్స్ రాజు". ఇక నుంచి "దైవకృప వల్ల, రాజ్యాంగ చట్టం వల్ల ఫ్రెంచివాళ్ల రాజు". దేశం ఆయన ఆస్తి కాదు, ఆయన ఆ మనుషులకు రాజు. పరీక్షలో ఈ ఒక్క వాక్యం రాస్తే చాలు, దిద్దేవాళ్లకు నువ్వు అర్థం చేసుకుని రాశావని తెలిసిపోతుంది.

అయినా అప్పటికీ రాజు మీద ప్రేమ పోలేదు. అదే అక్టోబర్‌లో పారిస్ ఆడవాళ్లు వానలో వర్సాయ్ దాకా నడిచి రాజు కుటుంబాన్ని వెంటబెట్టుకొచ్చారు, "రొట్టెలవాణ్ని, రొట్టెలవాడి పెళ్లాన్ని, కొడుకుని తెచ్చుకున్నాం" అని సంతోషపడ్డారు. 1791 జూన్‌లో రాజు మారువేషంలో పారిపోతూ సరిహద్దు దగ్గర వారెన్ అనే చిన్న ఊళ్లో దొరికిపోయాడు. ఒప్పుకున్నవేవీ ఇష్టంతో ఒప్పుకోలేదని వెనక ఉత్తరం పెట్టి మరీ వెళ్లాడు. తిరిగి తెచ్చిన రోజు పారిస్ వీధుల్లో ఒక ప్రకటన, రాజుకు చప్పట్లు కొడితే దెబ్బలు, తిడితే ఉరి. అంత జనం, టోపీలు తీయకుండా, నోరు విప్పకుండా నిలబడ్డారు. తండ్రి కథ ఆ రోజుతో చాలామందికి ముగిసింది. 1792 సెప్టెంబర్ 21న రాచరికం రద్దయింది.

విచారణ పెట్టాలా వద్దా అన్న చర్చలో పాతికేళ్ల సేంట్ జస్ట్ లేచి, రాజుగా ఉండి ఎవరూ నిర్దోషిగా ఉండలేరు అన్నాడు. మనిషి ఏం చేశాడన్నది కాదు, ఆ కుర్చీలో కూర్చోవడమే నేరం. భావం చివరికంటా వెళ్లిపోయింది. 1793 జనవరి 21న లూయీ తల తెగింది. అదే సభలో పెయిన్ కూడా సభ్యుడు. రాచరికాన్ని ఆయనకంటే ఎక్కువ ద్వేషించినవాడు లేడు, అయినా ఈ మనిషిని చంపొద్దు, అమెరికా పంపించేద్దాం అన్నాడు. ఆ ఏడాది చివర్లో ఆయన్నే జైల్లో పెట్టారు. నన్నడిగితే ఆ చర్చలో పెయిన్ వైపే నిలబడతాను. కుర్చీ తప్పు అని నిజంగా నమ్మితే, కుర్చీ తీసేశాక ఆ మనిషి మామూలు మనిషే కదా, అతని ప్రాణంతో పనేముంది?

ఇక్కడి నుంచి చిక్కు మొదలవుతుంది, జవాబులో రెండు మూడు వాక్యాలైనా దీని మీద రాయి. అధికారం ప్రజలది, సరే, ప్రజలంటే ఎవరు? 1647లోనే లండన్ దగ్గర పట్నీ చర్చిలో పార్లమెంటు పక్షాన పోరాడిన సైనికులు దీని మీద వాదించుకున్నారు. అత్యంత పేదవాడికి కూడా గొప్పవాడిలాగే బతకాల్సిన జీవితం ఉంది, వాడి సమ్మతి లేని ప్రభుత్వానికి వాడు కట్టుబడనక్కర్లేదు అన్నాడు రెయిన్స్‌బరో. ఆస్తి లేనివాడికి ఓటెలా ఇస్తాం అన్నాడు ఐర్టన్. ఐర్టనే గెలిచాడు, చాలాకాలం గెలుస్తూనే ఉన్నాడు. ఫ్రాన్స్ 1791 రాజ్యాంగంలో మూడు రోజుల కూలికి సమానమైన పన్ను కట్టలేనివాడికి ఓటు లేదు. ఆడవాళ్లకు అసలే లేదు. వధ్యవేదిక ఎక్కే హక్కు స్త్రీకి ఉన్నప్పుడు సభావేదిక ఎక్కే హక్కూ ఉండాలి అని రాసిన ఒలాంప్ ద గూజ్ 1793 నవంబర్‌లో నిజంగానే వధ్యవేదిక ఎక్కింది. ఫ్రాన్స్ చక్కెర కాలనీలో బానిసలు 1791 ఆగస్టులో తిరగబడి, 1804లో హైతీ అనే స్వతంత్ర దేశం నిలబెట్టారు. 1789 మానవ హక్కుల ప్రకటనలోని మాటను అందరికంటే పూర్తిగా నమ్మింది వాళ్లే అని నా అభిప్రాయం. ప్రజల పేరు మీద మాట్లాడే అధికారం నాదే అని కొద్దిమంది అనుకుంటే ఏమవుతుందో వేల మందిని వధ్యవేదిక ఎక్కించిన 1793-94 భీతావహ పాలన చూపించింది. రూసో పక్కన మాంటెస్క్యూను కూడా ఎందుకు చదవాలో అక్కడ అర్థమవుతుంది.

ఇక పరీక్ష సంగతి. నాలుగు పేర్లతో మొదలుపెట్టొద్దు. అధికారం ఎక్కడి నుంచి వస్తుంది అన్న ప్రశ్నతో మొదలుపెట్టు, దేవుడి నుంచి అన్న పాత జవాబు రాయి, 1649, 1689, 1776, 1789 వరసలో ఆ జవాబు ఎలా మారిందో చెప్పు, పేర్లు వాటంతటవే వాటి చోట్లలో కూర్చుంటాయి. చోటుంటే చివర్లో మన రాజ్యాంగం "భారత ప్రజలమైన మేము" అని మొదలవుతుందనీ, మాజీ రాజుల భరణాలు 1971లో రద్దయ్యాయనీ ఒక్క లైను కలుపు.

మీ తాతయ్యది నల్గొండ జిల్లా అంటున్నావు. ఎనభై దాటి ఉంటే ఆయన చిన్నతనంలో వెట్టి చూసే ఉంటాడు. దొర ఎదురొస్తే చెప్పులు చేతిలో పట్టుకోవడం, "నీ బాంచన్ కాల్మొక్త" అనడం ఆయన చెవులతో విన్న మాటలే అయి ఉంటాయి. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయినప్పుడు ఆ ఊరు మీ జిల్లాలోదే. దొరల మీద పోరాడిన సంఘంలో (ఆంధ్ర మహాసభలో) చేరినవాళ్లలో చాలామందికి చదువు లేదు, లాక్ ఎవరో రూసో ఎవరో తెలియదు. మరి మీ ఊళ్లో మొదట ఎవరు దొర ముందు చెప్పులు విప్పకుండా నడిచారు, ఆ రోజు ఊరు ఏమంది, ఆయన ఇంట్లో ఏమనుకున్నారు, ఇవన్నీ ఒక సాయంత్రం తాతయ్య దగ్గర కూర్చుని అడుగు. ఆయన మాటల్లోనే రాసి పెట్టు. పరీక్షలయ్యాక నాకూ ఒక కాపీ పంపు.